యూటీఎఫ్-8 కాని ఫైల్ పేర్లను కర్నలే ఆపేయాలా?

పాతడిస్కు:
ఫ్రాన్స్ క్లయింటు పాత బ్యాకప్ ఒకటి లినక్స్‌లోకి కాపీ చేశాను. పేర్లన్నీ లాటిన్-1 కాలం నాటివి, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పాత పద్ధతివి; ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి యూటీఎఫ్-8. ఫైల్ మేనేజర్‌లో పేరు మధ్యన నల్ల డైమండు, అందులో ప్రశ్నార్థకం. క్లిక్ చేస్తే అలాంటి ఫైలే లేదంటోంది. కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని లేదంటే ఎలా? డిలీటూ కావట్లేదు. ఇలాంటి పేర్లను కర్నలే (ప్రోగ్రాముల తరఫున ఫైళ్లను చూసుకునే లినక్స్ గుండెకాయ) గుమ్మంలో ఆపేయాలని నా వాదన. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఆపుతుంది కదా.

బైటుబైరాగి:
కర్నల్‌ని ఎందుకు తిడతారు? దానికి ఫైల్ పేరంటే బైట్ల వరుస, అంతే. స్లాష్, సున్నా బైటు ఉండకూడదు, సాధారణంగా 255 బైట్లు దాటకూడదు. మీ ఫైల్ మేనేజర్ అర్థంకాని బైటు తీసేసి అక్కడ ప్రశ్నార్థకం పెట్టింది. మీరు క్లిక్ చేయగానే ఆ ప్రశ్నార్థకం ఉన్న పేరునే కర్నల్‌ని అడిగింది. ఆ పేరుతో ఫైల్ నిజంగానే లేదు మరి! ఇంట్లో చిన్నీ అని పిలిచే పిల్లని బడి రిజిస్టర్‌లో చిన్నీ అని వెతికినట్టుంది. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ వాడే జీలిబ్ లైబ్రరీలో చూపించే పేరు, అసలు పేరు విడివిడిగా ఉంటాయి. పైథాన్ భాష కూడా 2009లో, 3.1 వెర్షన్ నుంచి, అర్థంకాని బైట్లను దాచిపెట్టి మళ్లీ ఉన్నవున్నట్టు తిరిగిచ్చే ఏర్పాటు చేసుకుంది.

గోదారిగట్టు:
బైరాగి గారూ, ప్రతి ప్రోగ్రామరూ ఈ జాగ్రత్త పాటిస్తాడని నమ్మి కూర్చుంటే అయ్యే పనేనా? జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో యూటీఎఫ్-8 మాత్రమే చాలనే సెట్టింగ్ ఉంది, ఫైల్‌సిస్టమ్ సృష్టించేటప్పుడే పెట్టుకోవాలి. 2019లో 5.2 కర్నల్‌తో లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌కి కేస్‌ఫోల్డ్ (పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగా చూసే సౌకర్యం) వచ్చింది. అందులో స్ట్రిక్ట్ పెడితే, కేస్‌ఫోల్డ్ ఉన్న ఫోల్డర్లలో చెల్లని పేర్లు పడవు. దారి ఉంది, డిఫాల్ట్ చేయడానికే భయం.

జిప్పుబాధితుడు:
డిఫాల్ట్ చేసినా నా బాధ తీరదు. జిప్‌లో యూటీఎఫ్-8 అని చెప్పే 11వ బిట్ లేకపోతే పేర్లను సీపీ437 అనే పాత పీసీల పద్ధతిలో చదవాలని ప్రమాణం. అలా చదివితే తెలుగు పేరంతా ఆల్ఫాలూ, చుక్కల గళ్లూ. ఆ చెత్త కూడా యూటీఎఫ్-8 ప్రకారం చక్కగా చెల్లుతుంది! కర్నల్ సలాం కొట్టి లోపలికి పంపిస్తుంది.

పాతడిస్కు:
సరే, జిప్ సంగతి వేరు. పాతవి చదవనివ్వండి, కొత్తగా సృష్టించేటప్పుడే ఆపండి అంటున్నాను.

బైటుబైరాగి:
కాపీ అంటే కొత్త ఫైల్ సృష్టించడమే కదండీ. మీ రూలే ఉండుంటే ఆ బ్యాకప్ సగంలో ఎర్రర్ కొట్టేది. రాత్రి స్క్రిప్టుకి వదిలేసినవాళ్లు ఆ ఎర్రర్ చూస్తారా? పేరు పాడైతే బాగుచేసుకోవచ్చు, కాపీ కాని ఫైల్‌ని ఎక్కడినుంచి తెస్తారు? మీ ఫోల్డర్ మీద కాన్వ్‌ఎమ్‌వీ అనే పేర్లు మార్చే టూల్ నడపండి, లాటిన్-1 నుంచి యూటీఎఫ్-8కి. మొదట ఏం మారుస్తుందో చూపిస్తుందంతే. నోటెస్ట్ అని చెప్తేనే నిజంగా మారుస్తుంది.

గోదారిగట్టు:
కాన్వ్‌ఎమ్‌వీ మనకు తెలుసు. ఫైల్ మేనేజర్‌లో రైట్ క్లిక్ తప్ప ఇంకేమీ తెలియని మా ఆఫీసు అకౌంటెంట్‌కి ఎవరు చెప్తారు?