ప్రత్యేక ఉపాధ్యాయుల చోటు భవిత కేంద్రంలోనా, పిల్లవాడి తరగతిలోనా?

ప్రశ్న: ఒక తల్లి

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. మేధో వైకల్యం ఉందని సదరం ధ్రువపత్రం ఇచ్చారు. పేరు ఊరి ప్రాథమిక పాఠశాల హాజరు పట్టీలో ఉంది, చదువు మాత్రం వారానికి రెండు రోజులు మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో సాగుతోంది. తక్కిన రోజుల్లో బడికి పంపమని భవిత మేడమ్ గారు, రోజూ భవితకే తీసుకువెళ్లమని హెడ్మాస్టరు గారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు ఎవరి మాట వినాలో చెప్పగలరు.

ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు

నేను భవిత వైపే మొగ్గుతాను. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిపే బడి మాది. గుణింతాలు చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి గేటు దాటి రోడ్డు మీదికి వెళితే, మిగిలినవారందరినీ వదిలి అతని వెంట పరుగెత్తవలసి వస్తుంది. అతనికి ఏమి, ఎలా నేర్పాలో మాకు వచ్చిన శిక్షణ చాలదు. తెలిసినవారి చేతిలో పెట్టడం నిర్లక్ష్యం కాదు.

భవిత కేంద్రం ఐఇఆర్‌పీ (సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్, అంటే ప్రత్యేక ఉపాధ్యాయులు)

హెడ్మాస్టరు గారి ఇబ్బంది నిజమైనదే. అయినా పన్నెండేళ్ల పని తరువాత నా అభిప్రాయం వేరు: నేర్పడం మొదలుపెట్టవలసిన చోటు కేంద్రం, నేర్చినది నిలబడవలసిన చోటు బడి, ఇల్లు.

చొక్కా గుండీ పెట్టుకోవడాన్నే తీసుకుందాం. గుండీని పట్టుకోవడం, కాజా అంచును రెండో చేత్తో పట్టుకోవడం, గుండీని కాజాలోకి దూర్చడం, అటువైపు నుంచి లాగడం అని దాన్ని అడుగులుగా విడగొట్టి, చివరి అడుగు నుంచి మొదలుపెడతాము. ముందరి పనులన్నీ అతని చేతిపై మా చెయ్యి వేసి చేయించి, సగం బయటికి వచ్చిన గుండీని లాగడం మాత్రం పూర్తిగా అతనికే వదులుతాము కనుక, పని ముగించిన సంతోషం ఆ బిడ్డకు మొదటి రోజే దక్కుతుంది. అది కుదిరాక దానికి ముందరి అడుగు. ఒక్కొక్క దానికి వారాలు పట్టవచ్చు. మరుగుదొడ్డి అలవాటుకు ఇంకా ఓపిక కావాలి. ఏ వేళకు బట్టలు తడుపుకుంటున్నాడో కొన్ని రోజులు రాసుకుని, ఆ వేళకు కాస్త ముందే తీసుకువెళ్లాలి. ఇదంతా కేంద్రంలో చేసి, మిగిలిన రోజుల్లో అమ్మే తొందరలో గుండీలన్నీ పెట్టేస్తే మళ్లీ మొదటికి వస్తాము. (తల్లులను తప్పుపట్టడం లేదు, వేళ మించిపోతుంటే ఎవరైనా అంతే చేస్తారు.)

పైగా ఈ పిల్లల్లో చాలామందికి ఒకచోట నేర్చినది ఇంకొకచోటికి దానంతట అది రాదు. కేంద్రంలో బొమ్మ నాణేలను తప్పులేకుండా ఎంచిన అమ్మాయి, తమ వీధి కొట్టు దగ్గర నిజం నాణెం చేతిలో పెట్టుకుని ఏమీ తోచక నిలబడిపోవడం నేను కళ్లారా చూశాను. మధ్యాహ్న భోజనానికి కంచం పట్టుకుని వరుసలో నిలబడటం, తన వంతు వరకు ఆగడం, తోటివాడు పిలిస్తే పలకడం నేర్పాలంటే ఆ వరుస, ఆ తోటివాడు ఉండాలి కదా.

విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటివద్ద చదువును ఎంచుకునే హక్కు ఇచ్చింది. ఆ ఎంపిక పిల్లవాడి తరఫువారిది, బడిది కాదు.

ప్రధానోపాధ్యాయుడు

వరుస గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ వరుసలో అతని పక్కన నిలబడే మనిషిని ఎవరిస్తారు? మీరు మండలమంతటికీ ఉన్నారు.

ఐఇఆర్‌పీ

అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో నోటిఫై చేసింది. ఆ లెక్కన పోస్టులు నింపించుకోవడానికి మీరూ మేమూ కలిసి అడగాలి. బిడ్డను బడి నుంచి తప్పించడం దానికి బదులు కాదు.

అమ్మా, అంతవరకు బాబును వారానికి మూడు రోజులైనా, మొదట మధ్యాహ్న భోజనం ముగిసేవరకే, బడికి పంపండి. అతని వ్యక్తిగత విద్యా ప్రణాళిక ప్రతిని మీరొకటి, తరగతి టీచరుగారు ఒకటి ఉంచుకుని, ఈ నెలకు ఒక్క పనినే రెండు చోట్లా ఒకే తీరున చేయించండి. బడిలో మొదటి రోజు అతని పక్కన కూర్చునేలా నా పర్యటన మార్చుకోవడానికి అనుమతి అడుగుతాను. హెడ్మాస్టరు గారూ, ఈలోగా గేటుకు పిల్లల చేతికి అందని ఎత్తులో ఒక గడియ వేయించండి.