తమ్ముడికి ఈఏపీసెట్‌లో 41 వేల ర్యాంకు. తక్కువ ఖర్చులో ప్రోగ్రామింగ్ బాగా నేర్పే కాలేజీని ఎలా చూసుకోవాలి?

కరీంనగర్_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి టీజీ ఈఏపీసెట్‌లో 41 వేల పైన ర్యాంకు వచ్చింది. మేం బీసీ-బీ. నాన్న టైలర్. తమ్ముడు ఇంటర్ మొదటి ఏడాది నుంచి ఫోన్‌లోనే పైథాన్ నేర్చుకుంటున్నాడు. నాన్న కొలతల పుస్తకం ముందు పెట్టుకుని, ఎవరి బట్టలు ఏ తారీఖుకి ఇవ్వాలో చూపించే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఆ వారమంతా దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నాన్న ఆ ఫోన్ చూపించాడు. అందుకే ఏదో ఒక సీటు చాల్లే అని ఊరుకోబుద్ధి కావడం లేదు.

కన్సల్టెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఇప్పిస్తాం, సర్కారు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది అంటున్నారు. నిజంగా వస్తుందా? నాలుగేళ్లకు అన్నీ కలిపి మూడు లక్షలు దాటితే మా వల్ల కాదు.

హన్మకొండ_నాన్న:
అమ్మా, మేనేజ్‌మెంట్ కోటా సీటుకి రీయింబర్స్‌మెంట్ రాదు. ఆ ఫోన్లు ఎత్తడం మానెయ్. కన్వీనర్ కోటాలో, అంటే వెబ్ ఆప్షన్లు పెట్టుకుని కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపైతే మొత్తం ఫీజు, దాటితే ఏడాదికి 35,000 వరకే. ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు దాటకూడదు.

ఇక లెక్క చూడు. ట్యూషన్ ఫీజు 45 వేలున్న కాలేజీలో మీ చేతి నుంచి పడేది ఏడాదికి పది వేలు. లక్ష ఉన్నచోట 65 వేలు, నాలుగేళ్లకు రెండు లక్షల అరవై వేలు. హాస్టల్ వేరే.

నేను మా అమ్మాయిని చేర్చినప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసుకుని పోయాను. కౌంటర్‌లో ఇచ్చిన కాగితం మీద ఇంకో ఆరు వరుసలున్నాయి. స్పెషల్ ఫీజు, ఎన్‌బీఏ (కోర్సు గుర్తింపు) ఫీజు, లైబ్రరీ డిపాజిట్, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, యూనిఫాం, బస్సు. ఒక్క బస్సే 32 వేలు. జేబులో ఉన్నది చాలక, పక్కన నిలబడ్డ బావమరిది దగ్గర అప్పు తీసుకుని కట్టాను. కాబట్టి ముందే వెళ్లి, మొదటి ఏడాది కట్టాల్సిన ప్రతి పైసా కాగితం మీద రాయించుకో.

ఇంకోటి కూడా చెప్పాలి. సర్కారు నుంచి డబ్బులు టైముకి రావు. మా అమ్మాయి చదువైపోయాక, బకాయి కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొమ్మన్నారు. ఉద్యోగంలో చేరే తేదీ తొమ్మిది రోజుల్లో ఉంది. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. సర్కారు డబ్బు పడ్డాక కాలేజీ తిరిగి ఇచ్చింది కానీ, ఏడు నెలలు పట్టింది. ఒరిజినల్స్ కాలేజీ ఆపుకోకూడదని, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతిచ్చే ఏఐసీటీఈ నిబంధన ఉంది. అయినా ఆ తొమ్మిది రోజుల్లో ఎవరితో కొట్లాడతాం?

డిప్లొమా_టు_బీటెక్:
ఈ అక్క తమ్ముడికి కాదు గానీ, ఇంట్లో టెన్త్ పిల్లలున్నవాళ్ల కోసం చెబుతున్నా. నేను టెన్త్ తర్వాత పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్లు కంప్యూటర్స్ చేశాను. ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. తర్వాత డిప్లొమా వాళ్లకుండే ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లాను. ఇంటర్ కార్పొరేట్ కాలేజీకి పోసే లక్షలు మిగిలాయి. బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీలు కూడా టెన్త్ మార్కుల మీదే. సర్కారు బడి పిల్లలకు అక్కడ అదనపు స్కోరు కలుపుతారు. దీన్ని టెన్త్ అయ్యేలోపే ఆలోచించాలి.

ఎంసీఏ_వాసు:
అందరూ బీటెక్ అంటున్నారు, నేను డిగ్రీ దారిలో వచ్చాను. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) ద్వారా బీఎస్సీ ఎంపీసీఎస్, అంటే లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్స్. తర్వాత ఐసెట్ ఎంట్రన్స్ రాసి యూనివర్సిటీలో ఎంసీఏ. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే. బీటెక్ కన్నా ఒక ఏడాది ఎక్కువ, ఖర్చు మాత్రం చాలా తక్కువ. ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లొచ్చాను కాబట్టి హాస్టల్ గొడవ లేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు బీఎస్సీ అవగానే విప్రోలో చేరారు. అక్కడ పనిచేస్తూనే కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదివిస్తారు. అయితే కొన్ని కంపెనీలు బీటెక్ వాళ్లనే పిలుస్తాయి, అది నేనూ పడ్డాను.

మొదటి_రౌండ్_అన్న:
హైదరాబాద్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫ్రెషర్ల మొదటి ఇంటర్వ్యూ నేనే చేస్తాను. చెల్లీ, కాలేజీకి వెళ్లినప్పుడు ఆఫీస్ రూంలో కూర్చోకు, ల్యాబ్ చూపించమను.

పోయినేడు మా మేనల్లుడి కోసం ఒకచోటికి వెళ్లాను. ల్యాబ్ తాళంచెవి వెతకడానికే పది నిమిషాలు పట్టింది. మానిటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. ఒకటి ఆన్ చేయిస్తే, సీ ప్రోగ్రాంలు రాసే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సీ నీలం తెర వచ్చింది. మేం చదువుకున్నప్పటి సరుకు అది. బెంచీ మీద రికార్డు పుస్తకాలు పేర్చి ఉంటే నాలుగైదు తిరగేశాను. నాలుగింట్లోనూ అదే ప్రోగ్రాం, అదే వరుసలో సెమికోలన్ లేదు. ఒక్కరైనా మెషీన్ మీద నడిపి ఉంటే ఎర్రర్ వచ్చేది, దిద్దేవాళ్లు. ఒకరి పుస్తకం చూసి అందరూ రాసేశారన్నమాట. ఆ కాలేజీ గేటు మీద ప్యాకేజీల ఫ్లెక్సీ మాత్రం రెండంతస్తులంత ఉంది. మా వాణ్ణి అక్కడ చేర్చలేదు.

సీఎస్ఈ పక్కన ఏఐఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని చాలా ఉంటాయి. మొదటి రెండేళ్లు చదివేది చాలావరకు ఒకటే. మామూలు సీఎస్ఈ కోసమో కొత్త పేరు కోసమో ఇరవై వేలు ఎక్కువున్న కాలేజీకి పోవద్దు. నేను ఇంటర్వ్యూలో అడిగేది లిస్టులు, లూపులు, డేటాబేస్ నుంచి వివరాలు తీసే చిన్న ఎస్‌క్యూఎల్ క్వెరీ, సొంతంగా చేసిన పని ఏదైనా ఒకటి. మీ తమ్ముడు నాన్న కొలతల పుస్తకం గురించి చెబితే నేను అరగంట వింటాను.

బీఎస్_సిరి:
నేను ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ చేస్తున్నాను. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కితే చేర్చుకుంటారు. క్లాసులు వీడియోలే గానీ, పరీక్షలు సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఆదాయం, కేటగిరీని బట్టి ఫీజులో 75 శాతం వరకు తగ్గింపు ఉంది. మధ్యలో ఆపినా అప్పటివరకు చేసినదానికి సర్టిఫికెట్, డిప్లొమా ఇస్తారు. 2022 నుంచి రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చు, నేను పొద్దున మా ఊరి కాలేజీలో బీఎస్సీ, రాత్రి ఇది. తేలిక కాదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉంటాయి, మొదటి టర్మ్‌లో ఒక సబ్జెక్టు పోయింది కూడా. అది భరించలేకపోతే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు, ఎన్‌పీటీఈఎల్ అంటారు, ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు.

కరీంనగర్_అక్క:
అందరికీ చేతులెత్తి దండం. ఆ కన్సల్టెన్సీ నంబర్లు బ్లాక్ చేశాను. కౌన్సెలింగ్ సైట్‌లో పోయినేడు ఒక్కో కాలేజీలో సీటొచ్చిన చివరి ర్యాంకులు చూసి, మనకొచ్చేవాటిలో ఇంటి నుంచి బస్సుకి వెళ్లగలిగేవి మూడు ఏరుకున్నాం. నిన్న రెండింటికి తమ్ముడితో వెళ్లాను. మొదటిచోట ల్యాబ్ చూపించమంటే 'సెలవులు కదా' అన్నారు. రెండోచోట చూపించారు. పాత కంప్యూటర్లే, కానీ ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టం) ఉంది, పైథాన్ ఉంది. ఓ సీనియర్ అమ్మాయి ప్రాజెక్ట్ చేసుకుంటుంటే తమ్ముడు వెనకాల నిలబడి చూస్తూ ఏదో అడిగాడు. ఆ అమ్మాయి కుర్చీ పక్కకు జరిపి వాణ్ణి కూర్చోబెట్టుకుంది. గంటసేపు లేవలేదు. మొత్తం కలిపి మొదటి ఏడాది చేతి నుంచి 27 వేలు, రాయించుకున్నాను. దాన్నే మొదటి ఆప్షన్‌గా పెడుతున్నాం.

బకాయిల కోసం సర్టిఫికెట్లు ఆపబోమని రాసివ్వండి అని అడిగితే ఒప్పుకోలేదు. ఎవరికైనా రాసిచ్చారా?

హన్మకొండ_నాన్న:
రాసివ్వరమ్మా, నేనూ అడిగాను. ఈ నెల నుంచే బ్యాంకులో నెలకు 750 ఆర్‌డీ (నెలనెలా దాచే ఖాతా) కట్టించు. నాలుగేళ్లకు 36 వేలు, మీద వడ్డీ. ఒక ఏడాది రీయింబర్స్‌మెంట్ ఆగినా మీ దగ్గర డబ్బుంటుంది, గాజుల జోలికి పోనక్కర్లేదు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ స్లాట్‌కి వెళ్లేముందు మీసేవ ఆదాయం సర్టిఫికెట్ తారీఖు చూసుకో, పాతదైతే రేపే కొత్తది పెట్టించు.