ఒకే పెద్ద పీస్ పట్టుకుని నెలలు కూర్చోవాలా, వారానికో చిన్నది పూర్తి చేయాలా?

కృష్ణలంక కీస్, విజయవాడ

పెద్దయ్యాక పియానో మొదలుపెట్టినవాళ్ళం ఈ చర్చావేదికలో చాలామందిమే ఉన్నాం. ఈ వారం ఏం సాధన చేశాం, ఎక్కడ ఇరుక్కున్నాం అని అందరూ రాస్తున్నవి చదువుతుంటే ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. "ఫ్యూర్ ఎలీజ మొదటి భాగం వచ్చేసింది, రెండో భాగం దగ్గర ఆగిపోయాను." వచ్చే వారం చూస్తే మళ్ళీ అదే మాట. కొంతకాలానికి ఆ మనిషే కనిపించడు. నాకు బాధ కలిగించేది ఆ చివరిదే.

బీథోవెన్ 1810లో రాసిన పీస్ ఇది. ఆయన పోయిన నలభై ఏళ్ళకి, 1867లో అచ్చయింది. మొదటి భాగంలో చాలావరకు ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యి వస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకీ అందుతుంది. అది దాటగానే ఎఫ్ మేజర్‌లోకి వెళ్తుంది, కుడిచేతికి ముప్పై రెండో వంతు నోట్స్ (చాలా వేగంగా వాయించాల్సిన పొట్టి స్వరాలు) మొదలవుతాయి. ఆ తర్వాత ఇంకో భాగంలో ఎడమచెయ్యి ఒకే ఎ నోట్‌ని ఆపకుండా కొడుతూ ఉండాలి. అంటే ఒకే కాగితం మీద మూడు వేర్వేరు స్థాయిల పని ఉంది. మొదటిది తేలిగ్గా వచ్చింది కదా అని మిగతావీ వస్తాయనుకుంటాం, రావు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మొదటి రెండు మూడేళ్ళు అలాంటివి ముట్టుకోకూడదు. వారంలోనో పది రోజుల్లోనో పూర్తయ్యే చిన్న పీసులు ఒకదాని తర్వాత ఒకటి వాయించుకుంటూ పోవాలి. అప్పుడే నోటేషన్, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవడం వస్తుంది. నెలల తరబడి ఒకే పేజీ చూస్తే కళ్ళు చదవడం మానేస్తాయి, వేళ్ళు అలవాటు మీద కదులుతాయి. కాదనేవాళ్ళు చెప్పండి, వింటాను.

సంధ్య, హనుమకొండ

కాదనేదాన్ని నేనేనండి.

బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చిన్నప్పుడు మా ఊరి చర్చిలో పాత పియానో ఒకటి ఉండేది, ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు చేతిలో సమయం ఉంది, ఇంట్లో 88 కీస్ డిజిటల్ పియానో ఉంది. నేను ఈ వాద్యం దగ్గరికి వచ్చిందే ఆ ఒక్క పీస్ కోసం. మీరేమో రెండు మూడేళ్ళు దాని జోలికి వెళ్ళకూడదంటున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట చెప్తే సరే. నాకెందుకు చెప్తున్నారు?

పెద్దవాళ్ళ పుస్తకాల్లో ఉండే చిన్న పీసులు నాకు రుచించవు. బాతు నడిచింది, గంట మోగింది అన్నట్టుంటాయి. పూర్తి చేసిన సంతోషం పూట కూడా ఉండదు. అదే ఫ్యూర్ ఎలీజలో ఒక్క బార్ (కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య ఉండే చిన్న ముక్క) కుదిరితే ఆ రోజంతా ఇంట్లో పని చేస్తూ పాడుకుంటాను.

ఈ వారం సంగతి కూడా రాస్తాను. ఎడమచేత్తో ఎ నోట్ పదే పదే కొట్టే భాగంలో ఉన్నాను. ఒకే వేలితో కొడితే ముంజేయి రాయిలా బిగుసుకుంటోంది. వేళ్ళు మారుస్తూ కొడితే శబ్దం ఎగుడుదిగుడుగా వస్తోంది. ముందుకు కదల్లేదు. అయినా వదలను.

రాత్రి హెడ్‌ఫోన్స్, కూకట్‌పల్లి

సంధ్య మేడమ్, మీ పట్టుదలకి దండం. కానీ నా బాధ వేరు.

నేను ఆఫీస్ కాల్స్ అన్నీ అయిపోయి, పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటా. ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. అందులో పెద్ద పీస్ తీస్తే మొదటి పది నిమిషాలు వచ్చిన భాగమే వాయిస్తా, ఎందుకంటే అది వినడానికి బాగుంటుంది. రాని భాగం దగ్గరికి వచ్చేసరికి నిద్ర ముంచుకొస్తుంది. అట్లా వచ్చినదే ఇంకా బాగా వస్తుంది, రానిది రానట్టే ఉంటుంది.

ఈ వారం సి మేజర్ స్కేల్ (వరసగా వాయించే స్వరాలు) మీదే ఉన్నా. కుడిచెయ్యి పైకి వెళ్తున్నప్పుడు బొటనవేలు మధ్యవేలి కింద నుంచి దూరి ఎఫ్ మీదికి రావాలి కదా, అక్కడ మోచెయ్యి బయటికి లేస్తోంది, ఎఫ్ గట్టిగా పడుతోంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే తెలిసింది. వాయిస్తున్నప్పుడు అస్సలు వినపడలేదు.

నాకు అర్థం కానిది ఒకటుంది అన్నా. చిన్న పీసులు వారానికొకటి మారుస్తూ పోతే ఏదీ చేతికి పట్టకుండా పోతుందేమో అని టెన్షన్. పోయిన నెల వాయించినవి ఈ నెల అడిగితే ఒక్కటీ రావట్లేదు. అది నష్టం కాదా?

గుంటూరు టు డాలస్

బ్రదర్, నష్టం కాదు. పీస్ పోయినా చెయ్యి మిగులుతుంది.

నేను గుంటూరులో చర్చి క్వయర్‌కి కీబోర్డు వాయించేవాణ్ణి, ఇప్పుడు డాలస్‌లో మా తెలుగు చర్చిలో వాయిస్తాను. నాకు నోటేషన్ రాదు. ప్రతి ఆదివారం పాటలు మారతాయి. శనివారం సాయంత్రం లిస్టు వస్తుంది, వాటిలో ఒకటో రెండో కొత్తవి ఉంటాయి. పాడేవాళ్ళ గొంతు బాగోకపోతే అప్పటికప్పుడు శ్రుతి దించమంటారు. ట్రాన్స్‌పోజ్ బటన్ (శ్రుతిని తనే మార్చేసేది) నొక్కి తప్పించుకోవచ్చు కానీ మాకు నేర్పిన అన్న ఆ బటన్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అందుకే ఇవాళ ఏ శ్రుతి అడిగినా కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) చేతికి వస్తాయి.

కాబట్టి వారానికో కొత్త పాట అన్న కృష్ణలంక గారి మాటకి నా ఓటు. కానీ చదవడం కోసమే అంటే మాత్రం ఒప్పుకోను. చెవితో పట్టుకున్నా అదే లాభం వస్తుంది. ఆగకుండా చివరిదాకా వెళ్ళడం అలవాటవుతుంది. జనం పాడుతుంటే మధ్యలో ఆగి సరిచేసుకోవడం కుదరదు కదా.

సాగరనగరం టీచర్, విశాఖ

పిల్లలకీ పెద్దలకీ పియానో చెప్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు సంధ్య గారికి. ముంజేయి బిగుసుకున్నప్పుడు ఇంకా గట్టిగా ప్రయత్నించకండి, అక్కడితో ఆపేయండి. నొప్పి మీద సాధన చేస్తే నెలల తరబడి వాయించలేని పరిస్థితి రావచ్చు, పెద్ద వయసులో అది తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. వేళ్ళు మారుస్తూనే కొట్టండి, కానీ కొన్ని పియానోల్లో కీ పూర్తిగా పైకి వచ్చేదాకా ఆగక్కర్లేదు, సగం లేవగానే మళ్ళీ నొక్కొచ్చు, మీ దానిలో అలా పలుకుతుందేమో చూసుకోండి. వేలు కీని వదిలి గాల్లోకి లేస్తోందేమో చూసుకోండి. చాలామందికి అక్కడే బిగుతు వస్తుంది. టెంపో (వేగం) సగానికి దించితే ఎగుడుదిగుడు తగ్గుతుంది.

ఇక వాదన. నా దగ్గరికి ఫ్యూర్ ఎలీజ వాయిస్తూ వచ్చే పెద్దవాళ్ళని ఒకటే అడుగుతాను. రెండో భాగంలో మూడో బార్ నుంచి మొదలుపెట్టండి అని. చాలామంది మొదలుపెట్టలేరు. మొదటికి వెళ్ళి, అక్కణ్ణుంచి వాయించుకుంటూ వస్తే తప్ప అక్కడికి చేరలేరు. పద్యం కంఠతా పట్టిన పిల్లాణ్ణి మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి పాదం అందుకున్నట్టే ఇదీ. పీస్ వాళ్ళ వేళ్ళలో ఉంది, తలలోకి ఇంకా రాలేదు. ఒక్క వేలు జారితే మొత్తం కూలిపోతుంది. ఇంట్లో బాగా వచ్చిన పీస్ నలుగురి ముందు ఎందుకు రాదని అడిగేవాళ్ళకి కూడా నేను చెప్పే కారణం ఇదే.

వారం వారం కొత్త పీస్ చదివేవాళ్ళలో ఈ ఇబ్బంది తక్కువ. ప్రతి పీస్‌లో చెయ్యి కొత్త చోట మొదలవుతుంది, కొత్త శ్రుతి, కొత్త లయ. మర్చిపోవడం గురించి కూకట్‌పల్లి తమ్ముడు అడిగాడు కదా. 1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. మూడు రకాల కదలికల్ని ఒక గుంపు ఒక్కొక్కటిగా పూర్తి చేసుకుంటూ నేర్చుకుంది, ఇంకో గుంపు కలగలిపి నేర్చుకుంది. నేర్చుకుంటున్నప్పుడు కలగలిపినవాళ్ళే వెనకబడ్డారు. పది రోజుల తర్వాత పరీక్షిస్తే వాళ్ళకే బాగా గుర్తుంది. వాళ్ళు చేసింది పియానో మీద కాదు. కానీ నా విద్యార్థుల్లో నేను చూస్తున్నది కూడా ఇదే. సాధన చేస్తున్నప్పుడు సాఫీగా సాగితే నేర్చుకున్నట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడాన్ని నమ్మకూడదు.

ఇంకోటి, నిద్ర. 2002లో వాకర్ అనే పరిశోధకుడి బృందం కుడిచేతివాటం వాళ్ళకి ఎడమచేతి వేళ్ళతో ఒక వరస కొట్టడం నేర్పింది. ఒక రాత్రి నిద్రపోయి వచ్చాక వేగం దాదాపు 20 శాతం పెరిగింది. మెలకువగా అంతే సమయం గడిపితే అంత మెరుగు రాలేదు. అందుకే రాత్రి ఇరవై నిమిషాలే దొరుకుతున్నాయని తమ్ముడు దిగులు పడక్కర్లేదు. ఆ ఇరవై నిమిషాల్లో ముందు రాని రెండు బార్లు, తర్వాతే వచ్చినది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, మూడు కాలాల్లో. తర్వాత గీతాలు. కృతి దగ్గరికి వచ్చేసరికి గొంతుకి దారి తెలిసి ఉంటుంది. మొదటి రోజే పెద్ద కృతి అందుకుంటానంటే ఏ గురువూ ఒప్పుకోరు. పియానో దగ్గర మాత్రం పెద్దవాళ్ళమన్న కారణంతో ఆ మెట్లన్నీ ఎక్కకుండా దాటేయాలనుకుంటున్నాం.

సంధ్య, హనుమకొండ

టీచరు గారూ, చెయ్యి గురించి చెప్పినందుకు ధన్యవాదాలు. కీ సగం లేవగానే నొక్కొచ్చని నాకెవరూ చెప్పలేదు.

మీరడిగినట్టే మూడో బార్ నుంచి ప్రయత్నించాను. వచ్చింది. ఎందుకంటే నేను మొదటి నుంచీ ఆ పీస్‌ని ముక్కలుగా కోసి, చివరి ముక్క నుంచి వెనక్కి నేర్చుకుంటున్నాను. లెక్కల టీచర్ని, జవాబు దగ్గర్నుంచి వెనక్కి రావడం నాకు అలవాటే. కాబట్టి తప్పు పెద్ద పీస్‌ది కాదు, నేర్చుకునే పద్ధతిది అంటాను. ఒకే పీస్‌ని కూడా ఏ బార్ అంటే ఆ బార్ నుంచి మొదలుపెడుతూ, ఇవాళ ఎడమచెయ్యి, రేపు కుడిచెయ్యి, ఎల్లుండి రెండూ అంటూ కలగలిపి నేర్చుకోవచ్చు కదా. మీరు చెప్పిన 1979 ప్రయోగం నా పద్ధతికీ సరిపోతుంది.

చదవడం గొప్పదే. కానీ అది అందరికీ గమ్యం కావాలా? పరీక్షలవాళ్ళే దాన్ని పక్కన పెట్టారు. ఏబీఆర్ఎస్ఎం అనే బ్రిటన్ సంగీత పరీక్షల సంస్థ 2020లో తెచ్చిన పెర్ఫార్మెన్స్ గ్రేడ్స్‌లో నాలుగు పీసులు వీడియో తీసి పంపితే చాలు, సైట్ రీడింగ్ (ముందు చూడని పీస్‌ని అప్పటికప్పుడు చదివి వాయించడం) లేనే లేదు.

కృష్ణలంక కీస్, విజయవాడ

సంధ్య గారు, పాత పద్ధతి ప్రాక్టికల్ గ్రేడ్స్‌ని వాళ్ళు తీసేయలేదండి, రెండూ నడుస్తున్నాయి. అందులో 150 మార్కుల్లో 21 సైట్ రీడింగ్‌కి. ట్రినిటీ అనే ఇంకో సంస్థ మామూలు గ్రేడ్ పరీక్షల్లో ఐదో గ్రేడ్ దాకా దాన్ని ఎంచుకోకుండా గడపొచ్చు, ఆరు నుంచి తప్పదు. అంటే పైకి వెళ్ళాలనుకుంటే చదవాల్సిందేనని వాళ్ళూ అంటున్నారు.

పోనీ పరీక్షలు వదిలేద్దాం, మీకు వాటి అవసరం లేదు. నేను అడిగేది వేరే. ఫ్యూర్ ఎలీజ పూర్తయ్యాక మీకు ఇంకో పీస్ నచ్చుతుంది. తప్పకుండా నచ్చుతుంది, మీ ఇష్టం చూస్తే తెలుస్తోంది. దానికి కూడా ఇన్ని నెలలు పడితే? చదవడం వచ్చినవాళ్ళు మొదటి రోజే ఆ పీస్ ఎలా ఉంటుందో నెమ్మదిగానైనా వాయించుకుని వింటారు. మీరు ఒక్కో బార్ తవ్వుకుంటూ పోవాలి. మీకున్న సమయం మీద గౌరవంతోనే చెప్తున్నాను.

డాలస్ అన్న చెప్పిన చెవి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆయనకి ప్రతి వారం ఎదురుగా పాడేవాళ్ళున్నారు, పక్కన నేర్పిన అన్న ఉన్నాడు. ఒంటరిగా హెడ్‌ఫోన్స్‌లో నేర్చుకునేవాళ్ళకి ఆ అండ లేదు. వాళ్ళకి కాగితమే గురువు.

సంధ్య, హనుమకొండ

ఇంకో పీస్ నచ్చుతుందన్న మాట నిజం. ఇప్పటికే ఒకటి నచ్చింది.

అయినా నా పీస్ పక్కన పెట్టను. సాధన చివర పది నిమిషాలు చదవడానికి ఇస్తాను. బాతుల పాటలు మాత్రం వద్దు, పెద్దవాళ్ళు విని ఇష్టపడేవి ఉంటే చెప్పండి.

రాత్రి హెడ్‌ఫోన్స్, కూకట్‌పల్లి

నాకూ కావాలి. అసలు ఈ పీస్ నా స్థాయిదే అని ఎట్లా తెలుసుకోవాలి? ప్రతిసారీ కాగితం చూస్తే తేలిగ్గానే అనిపిస్తుంది, కూర్చున్నాకే తెలుస్తుంది.

సాగరనగరం టీచర్, విశాఖ

హంగరీ స్వరకర్త బార్టోక్ రాసిన మిక్రోకాస్మోస్ మొదటి రెండు సంపుటాలు చూడండి. మొత్తం ఆరు సంపుటాల్లో 153 పీసులున్నాయి, మొదట్లోవి అర పేజీ కూడా ఉండవు. కానీ పిల్లల పాటల్లా వినిపించవు. కొన్ని మొదట వింతగా అనిపిస్తాయి, రెండోసారి వాయిస్తే నచ్చుతాయి.

స్థాయి తెలుసుకోవడం ఇలా. పీస్ ముందు పెట్టుకుని రెండు నిమిషాలు వాయించకుండా చూడండి. శ్రుతి ఏంటి, చేతులు ఎక్కడ మొదలవుతున్నాయి, ఎక్కడ కదులుతున్నాయి. తర్వాత మీకు ఎంత నెమ్మది కావాలో అంత నెమ్మదిగా మొదలుపెట్టి, తప్పు పడినా ఆగకుండా చివరిదాకా వెళ్ళండి. మూడు నాలుగు చోట్ల తప్పితే అది చదవడానికి సరైన పీస్. ప్రతి బార్‌లోనూ ఆగాల్సి వస్తే ఇంకో పది పేజీలు వెనక్కి తిప్పండి. ఒకే పీస్‌ని చదవడం కోసం రెండు మూడు సార్ల కంటే ఎక్కువ వాయించకండి, ఆ తర్వాత వేళ్ళు కంఠతా పట్టేస్తాయి.

సంధ్య గారు, ముంజేయి ఎలా ఉందో వచ్చే వారం తప్పకుండా రాయండి. బిగుతు తగ్గకపోతే ఆ భాగం వాయిస్తున్న వీడియో పంపండి, మణికట్టు పక్కనుంచి కనిపించేలా తీయండి.