నెలకు 5% చర్న్: సాస్‌ని ఇప్పుడే అమ్మొచ్చా?

ప్రశ్న: జీఎస్టీతో కలిపి నెలకు 999 రూపాయల చందాతో ఆన్‌లైన్‌లో వాడుకునే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ (సాస్), 200 మంది కస్టమర్లు. నెలకు 5% మంది మానేస్తున్నారు (దీన్నే చర్న్ అంటారు). ఈ వ్యాపారాన్ని అమ్మకానికి పెట్టనా?

జవాబు 1: ఆగండి. ఆ లెక్కన ఏడాదికి 46% మంది పోతారు. ధర అక్కడే పడిపోతుంది. కావాలని మానేసినవాళ్లను, ఆటో డెబిట్ ఫెయిలై పోయినవాళ్లను వేరు చేసి చూడండి. రెండోవాళ్లకు వాట్సాప్‌లో పేమెంట్ లింకు పంపితే చాలామంది తిరిగొస్తారు. ఏడాది ప్లాన్ పెట్టండి, కానీ 15,000 దాటనివ్వకండి. దాటితే ప్రతి రెన్యువల్‌కూ ఓటీపీ అడుగుతుంది.

జవాబు 2: 999లో జీఎస్టీ తీస్తే మీ ఆదాయం 847 మాత్రమే. ఎమ్మారార్ (నెలనెలా వచ్చే చందా ఆదాయం) దానిమీదే చూపించండి.

జవాబు 3: ఫ్రీలాన్సర్లు కోడ్ రాశారా? కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా తీసుకోండి. అందులో గడువు రాయకపోతే చట్టప్రకారం 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారత్ వరకే. డీల్స్ ఇక్కడే ఆగిపోతాయి.