వేలిముద్ర ఒక్కటే ఆధారమైనప్పుడు శిక్ష వేయవచ్చునా?

పెన్నాతీరం (నెల్లూరు):
మన జిల్లా పేజీలో దొంగతనం వార్త ఏది చదివినా, క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు సేకరించిందన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. అది చదవగానే దొంగ దొరికినట్టేనని చాలామంది అనుకుంటారు. నేను అడగదలచినది ఆ తరువాతి దశ గురించి. బీరువా తలుపు మీది ముద్ర ఫలానా మనిషిదేనని నిపుణుడు చెప్పాడనుకుందాం. అతన్ని అక్కడ చూసినవారు లేరు, పోయిన సొత్తు అతని దగ్గర దొరకలేదు, ఇంకే ఆధారమూ లేదు. ఆ ఒక్క ముద్రను నమ్మి అతన్ని జైలుకు పంపవచ్చునా? పంపకూడదని నా అభిప్రాయం. ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకటి కావన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ న్యాయస్థానం ముందుకు వచ్చేది వేలు కాదు. ఆ వేలు వదిలి వెళ్ళిన, సగం చెరిగిన ఒక మరకను గురించి ఒక మనిషి ఇచ్చే అభిప్రాయం. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే అసలు చిక్కు వస్తున్నది.

విశ్రాంత ఉద్యోగి (ఒంగోలు):
నేను వేలిముద్రల విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని కాబట్టి ఈ విషయంలో మౌనంగా ఉండలేను. వేలి మీది గీతలు తల్లి గర్భంలో 10వ వారం దాటాక ఏర్పడడం మొదలై, దాదాపు 24వ వారానికి స్థిరపడతాయి. లోతైన గాయం తగిలితే తప్ప, మనిషి పోయి చర్మం శిథిలమయ్యేదాకా అవి మారవు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలలకు కూడా అవి వేరుగానే ఉంటాయి. ఈ శాస్త్రానికి మన దేశంతో ఉన్న బంధాన్ని కూడా గుర్తుచేయాలనిపిస్తున్నది. 1858లో హుగ్లీ ప్రాంతంలో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి ఒక గుత్తేదారు చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలోనే ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ అనే ఆంగ్ల పోలీసు అధికారి పేరుతో హెన్రీ పద్ధతి అని లోకమంతా పిలిచే వేలిముద్రల వర్గీకరణ వెనుక లెక్కకట్టి శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు.

ఇక శిక్ష సంగతి. చీకట్లో ఒక్క క్షణం చూసిన ముఖాన్ని నెలల తరువాత గుర్తుపట్టానని చెప్పే సాక్షిని నమ్మి శిక్షలు వేస్తున్నాము. భయానికీ, ప్రలోభానికీ, మరపుకూ లొంగని ముద్రను మాత్రం చాలదంటున్నాము. వేలిముద్రలను గుర్తించే శాస్త్రం కచ్చితమైనదనీ, అందులో పొరపాటుకు గానీ సందేహానికి గానీ తావు లేదనీ జస్పాల్ సింగ్ కేసులో 1979లో సుప్రీంకోర్టే అన్నది. సాక్షులు అడ్డం తిరిగే కేసులు ఎన్నో చూసినవాడిగా, ఈ ఒక్క ఆధారాన్ని కూడా నీరుగార్చవద్దని కోరుతున్నాను.

కావలి వకీలు:
అయ్యా, 1979 నాటి ఆ మాట నిజమే, కానీ న్యాయస్థానం అక్కడే ఆగలేదు. ముషీర్ ఖాన్ కేసులో 2010లో అదే సుప్రీంకోర్టు, వేలిముద్ర నిపుణుని సాక్ష్యం స్వతంత్రంగా నిలబడే సాక్ష్యం కాదనీ, రికార్డులో అప్పటికే ఉన్న మరో సాక్ష్యాన్ని బలపరచడానికే అది పనికివస్తుందనీ చెప్పింది. చట్టం దృష్టిలో అది నిపుణుని అభిప్రాయం. పాత సాక్ష్యాధారాల చట్టంలో 45వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్ దానికి సంబంధించినవే.

అభిప్రాయం ఎంత గొప్పదైనా, ముద్ర ఎక్కడిదో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తేలకపోతే అది నిలవదు. 1997 నాటి మహమ్మద్ అమాన్ కేసులో ఇత్తడి చెంబు మీద నిందితుని ముద్ర ఉన్నదని నిపుణుడు చెప్పినా సుప్రీంకోర్టు దాన్ని ఆధారంగా తీసుకోలేదు. స్వాధీనం చేసుకున్న వస్తువులను ఎవరూ తాకే వీలు లేకుండా భద్రపరిచారని రుజువు కాలేదు. నిందితుని నమూనా ముద్రలను మేజిస్ట్రేటు ఎదుట తీసుకోలేదు. అక్కడ తప్పిపోయినది గీతల పోలిక కాదు, ఆ చెంబు నడిచిన దారి. కింది కోర్టులలో మేము ఎక్కువగా వాదించుకునేది కూడా దీని మీదనే.

పెద్దాయన కలకత్తాను గుర్తుచేశారు కాబట్టి ఆ కాలపు కేసునే చెబుతాను. 1898లో జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అతని కాగితాలలో ఉన్న బెంగాలీ పంచాంగం అట్ట మీద గోధుమరంగు మరకలు కనిపించాయి. అందులో ఒకటి, మునుపు అక్కడ పనిచేసి దొంగతనం కింద శిక్ష పడిన కంగాళీ చరణ్ కుడి బొటనవేలిదని కార్యాలయంలోని రికార్డుతో తేలింది. న్యాయస్థానం అతన్ని దొంగతనానికి శిక్షించింది గానీ, చంపడం ఎవరూ చూడలేదు కాబట్టి హత్యానేరానికి శిక్షించలేదు. ఆ ముద్ర అతను ఆ పంచాంగాన్ని ముట్టుకున్నాడని చెప్పగలిగింది. అంతకు మించి చెప్పలేకపోయింది. ఈ విద్య పుట్టిన కొత్తలోనే న్యాయస్థానం గీసుకున్న ఆ హద్దు నాకు ఇప్పటికీ సరైనదిగానే కనిపిస్తున్నది.

పెన్నాతీరం:
ధన్యవాదాలండీ. హద్దు గురించి మీరు చెప్పారు. పోలికలోనే పొరపాటు జరిగితే ఏమవుతుందన్నది నేను చెబుతాను, ఎందుకంటే నా భయమంతా అక్కడే ఉన్నది.

2004 మార్చిలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్ళలో బాంబులు పేలాయి. డిటొనేటర్లు ఉన్న ప్లాస్టిక్ సంచి మీద ఒక ముద్ర దొరికింది. అమెరికాకు చెందిన ఎఫ్‌బీఐ దాన్ని తన కంప్యూటరులో వెతికితే దగ్గరగా పోలినవి 20 ముద్రలు వచ్చాయి. వాటిలో నాలుగవది బ్రాండన్ మేఫీల్డ్ అనే ఆరెగాన్ న్యాయవాదిది. పూర్వం సైన్యంలో పనిచేసినందువల్ల ఆయన ముద్రలు అక్కడ ఉన్నాయి. ముద్ర ఆయనదేనని ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తరువాత ఒకరు నిర్ధారించారు. చివరికి ఆయన తరఫున చూడమని న్యాయస్థానం నియమించిన బయటి నిపుణుడు కూడా అదే అన్నాడు. స్పెయిన్ పోలీసులు మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని వారే తేల్చారు. అప్పటికి మేఫీల్డ్ రెండు వారాలు నిర్బంధంలో గడిపాడు. ఆ తరువాత ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, ప్రభుత్వం 20 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది.

ఆ నిపుణులు అసమర్థులు కారు, అబద్ధీకులూ కారు. కోట్ల ముద్రలలో వెతికే యంత్రం, దొంగదే అన్నట్టు ఉండే ముద్రను ఏ సంబంధమూ లేని మనిషి దగ్గర నుంచి కూడా తెచ్చి పెట్టగలదు. నిల్వ ఎంత పెరిగితే అలాంటి పోలిక ఎదురయ్యే అవకాశం అంత పెరుగుతుంది. 2022లో మన దేశంలో నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల వ్యవస్థ ప్రారంభమైంది. అదే సంవత్సరం వచ్చిన చట్టం ప్రకారం కొలతలు, ముద్రలు 75 సంవత్సరాల పాటు నిల్వ ఉంటాయి. పాత నేరస్థులను పట్టుకోవడానికి అది గొప్ప సాధనమే, కాదనను. అయితే ముందు ఒక మనిషిని అనుమానించి అతని ముద్రను పోల్చడం వేరు, ముద్రను పట్టుకుని దేశమంతా మనిషి కోసం వెతకడం వేరు. రెండవ పద్ధతిలో మనిషి దొరికిన తరువాత, ముద్రతో సంబంధం లేని మరొక ఆధారం తప్పనిసరిగా ఉండాలి.

2011లో అమెరికాలో 169 మంది నిపుణుల మీద జరిపిన పరీక్షలో, వేర్వేరు మనుషుల ముద్రలను ఒకటేనని పొరబడడం వెయ్యికి ఒకటిగా తేలింది. ఒకే మనిషివి అయినా కావనడం నూటికి ఏడున్నర. వెయ్యికి ఒకటి చిన్న సంఖ్యే, కానీ పొరపాటుకు తావే లేదన్న మాటతో అది పొసగదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి: ఆ పరీక్షలో ఒకరు తప్పుగా కలిపిన జతను రెండవ నిపుణుడెవరూ అదే విధంగా తప్పుగా కలపలేదు. మొదటివారి నిర్ణయం తెలియని మరొకరు స్వతంత్రంగా చూస్తే తప్పు బయటపడే అవకాశం చాలా ఎక్కువన్నమాట. మేఫీల్డ్ విషయంలో రెండవవారికీ మూడవవారికీ మొదటివారు ఏమన్నారో ముందే తెలుసు.

గెలాక్సీ (చీమకుర్తి):
మా ఊరి సంగతి ఒకటి కలుపుతాను. గ్రానైటు కోత, పాలిషు పనులు చేసేవారి వేళ్ళు రాతిపొడికీ తడికీ అరిగిపోయి, రేషన్ డిపోలో ఈపాస్ మిషను మీద ఎన్నిసార్లు ఒత్తినా పట్టవు. గీత శాశ్వతమని పెద్దలు చెప్పినది లోపలి పొరకు నిజమే. కొన్నాళ్ళు పని మానితే మళ్ళీ కనిపిస్తుంది. కానీ ఆ చేతులు వదిలే ముద్ర ఎంత స్పష్టంగా ఉంటుంది? తెగిన గీతల మధ్య నాలుగు ఆనవాళ్ళు దొరికితే, మిగిలినది చూసేవారి ఊహతో నిండే ప్రమాదం లేదా? అనుమానం ముందుగా వచ్చి పడేది కూడా ఇలాంటి వలస కూలీల మీదనే, మంచి వకీలును పెట్టుకోలేనిదీ వారే.

విశ్రాంత ఉద్యోగి:
ఊహతో నింపడం మా పనిలో నేరంతో సమానం. ముద్ర చాలినంత స్పష్టంగా లేకపోతే పోల్చడానికి పనికిరాదని రాసి పంపేస్తాము. అలా పంపినవి తక్కువేమీ కాదు. మేఫీల్డ్ కేసు నుంచి నేర్చుకోవలసినది ఉన్నదని ఒప్పుకుంటాను. రెండవ పరిశీలకునికి మొదటివారి నిర్ణయం తెలియకుండా ఉంచాలన్న మాటకు నా పూర్తి మద్దతు. మన దగ్గర అది నియమంగా రావాలి.

కానీ అసలు ప్రశ్న దగ్గర నేను వెనక్కు తగ్గను. అన్ని ముద్రలూ ఒకటి కావు. వీధి వైపు గ్రిల్లు మీది ముద్రకు వంద కారణాలు ఉండవచ్చు. ఎప్పుడూ తాళం వేసి ఉండే బీరువాలో, నగలపెట్టె లోపలి వైపున, ఆ ఇంటితో ఏ సంబంధమూ లేని మనిషి ముద్ర దొరికితే, ఎలా వచ్చిందో అతను ఒక్క మాట కూడా చెప్పలేకపోతే, ఇంకేమి కావాలి?

పెన్నాతీరం:
మీరు చెప్పిన ఆ సందర్భంలో నేనూ శిక్షకే మొగ్గుతాను. అయితే అక్కడ ఉన్నది ముద్ర ఒక్కటే కాదు కదండీ. తాళం, ముద్ర దొరికిన చోటు, ఇంటివారితో పరిచయం లేకపోవడం, సంజాయిషీ లేకపోవడం, ఇవన్నీ వేరువేరుగా రుజువు చేయవలసిన సంగతులు. బీరువాను అమ్మిన దుకాణంలో గానీ, మరమ్మతు చేసిన చోట గానీ అతను ఎన్నడూ పనిచేయలేదని పోలీసులు విచారించి చూపాలి. ముద్ర ఎన్నాళ్ళ నాటిదో దాన్ని చూసి నమ్మకంగా చెప్పే పద్ధతి లేదు కాబట్టి, ఆ పని విచారణాధికారి కాళ్ళరిగేలా తిరిగి చేయవలసినదే.

కావలి వకీలు:
ఇద్దరూ ఒప్పుకున్న చోట నుంచి ఒక ఉపయోగం చెబుతాను. మన జిల్లాలలో ఇలాంటి కేసు నడుపుతున్న యువ న్యాయవాదులు నిపుణుణ్ణి అడ్డుప్రశ్నలలో ముందుగా అడగవలసినది, ఎన్ని ఆనవాళ్ళు కలిశాయని కాదు. ముద్ర ఏ వస్తువు మీద, ఏ వైపున ఉన్నదో ఫోటో ఉన్నదా, పోల్చేటప్పుడు నిందితుని గురించి ఏమేమి చెప్పారు, రెండవసారి చూసినవారికి మొదటి నిర్ణయం తెలుసా అని అడగండి. ఏడు సంవత్సరాలు, అంతకు మించి శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్ళి ఆధారాలు సేకరించాలని పాత నేర విచారణ ప్రక్రియా స్మృతి స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతున్నది కాబట్టి, ఆ సందర్శనకు సంబంధించిన వీడియోను కూడా తెప్పించమని కోర్టును కోరండి.