సమస్య: “ఆఱినట్టి కూర హాటె సుమ్మి”

చంపావతి (విజయనగరం, నిర్వహణ): ఇది ఆటవెలది నాలుగో పాదం. ఆఱిపోయిన కూర హాట్ ఎలాగయిందో మొదటి మూడు పాదాల్లో తేల్చాలి. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) ఆ–హాలకు. ‘హాట్’ని పొల్లుతో వదిలేస్తే ఒంటి గురువే మిగిలి సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) నిండదు, అందుకే ‘హాటు’, ‘హాటె’. ‘స్పైసీ’ రెండూ గురువులే; సూర్యగణంలో పట్టదు, ‘స్పైసీగ’ అని త-గణం (రెండు గురువులు, ఒక లఘువు) చేసి ఇంద్రగణాల చోట, అంటే ఒకటో, మూడో పాదాల చివరి రెండు గణాల్లో, పెట్టుకోండి. మూడో పాదంతో వాక్యం ముగిస్తే విసంధి (సంధి చేయకుండా వదలడం) పట్టించుకోను. బార్ల దగ్గర వినపడే ‘హాటా, బీరా’ మీద మాత్రం పూరణలొద్దు. ఇంగ్లీషువాళ్ళకి హాట్ డ్రింక్ అంటే టీ, కాఫీలే.

నాగావళి (శ్రీకాకుళం):
ఎండుమిరపకాయ లెన్నియొ వేయగా
చల్లబడిన వెనుక జంకు నాల్క;
వేడి కారములకు వేఱేల? యొక మాటె!
ఆఱినట్టి కూర హాటె సుమ్మి.

వంశధార (హిరమండలం): ముడి సూటిగా విప్పారు. ‘ద కర్రీ ఈజ్ హాట్’ అంటే రెండర్థాలూ వస్తాయి. అనుమానమొస్తే ఇంగ్లీషువాళ్ళూ ‘హాట్ హాటా, స్పైసీ హాటా’ అని అడుగుతారు. మిరపకి కారమిచ్చే క్యాప్సైసిన్, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, రెండూ నోట్లో మంటని పసిగట్టే ఒకే గ్రాహకాన్ని తట్టిలేపుతాయి. అంచేత మీ మూడో పాదానికి ఢోకా లేదు. అయితే స్పైసీకి కారమే అక్కర్లేదండీ, లవంగం, దాల్చినచెక్క దట్టించినా స్పైసీయే. రెండో పాదంలో ‘మండు’ అనాల్సిన చోట యతి కోసం ‘జంకు’ వచ్చి కూర్చుంది.

మహేంద్రతనయ (సోంపేట): మొదటి పాదం ఇలా ఎత్తుకున్నాను, చెల్లుతుందా?
జ్వరము వచ్చె ననుచు హాటు ఫీవరనిరి

చంపావతి: గణాలు సరిపోయాయి, యతి పోయింది. ‘జ్వ’కి ‘హా’ చెల్లదు. పైగా హాట్ ఫీవర్ అనరు, హై ఫీవర్ అంటారు. నుదురు హాట్ అనొచ్చు. ఎండ కాస్తే ‘ఇట్స్ హాట్’, ఉక్కపోస్తే ‘ఐ ఫీల్ హాట్’. ‘ఐ యామ్ హాట్’ వ్యాకరణానికి తప్పు కాదుగానీ, తన అందాన్ని తానే పొగుడుకున్నట్టు వినపడొచ్చు. “జ్వరము వచ్చె ననుచు సన్నని గంజియె” అనండి, జ–సలకు యతి కుదురుతుంది. కూర ఎలా తెస్తారో మీ ఇష్టం.

సువర్ణముఖి (బొబ్బిలి):
స్వీటు పక్క బెట్టి సిద్ధము జేసిన
మూడు మూలలందు ముడుచుకొన్న
పిండిపొరను దూరి పెళ్ళింట చేరును!
ఆఱినట్టి కూర హాటె సుమ్మి.

వంశధార: సమోసా! ఏటండీ ఈ చమత్కారం, బాగుంది. మన పెళ్ళిళ్ళలో ‘ఒక స్వీటు, ఒక హాటు’ అంటే చల్లారిన బూందీ కూడా హాటే. ఇంగ్లీషులో అలా వస్తువు పేరుగా నడవదు, అక్కడ సేవరీ, స్నాక్ అనాలి.

నాగావళి: ఇంకొకటి.
పనసపొట్టు వండి పక్కన నుంచియు
చల్లబడగ నావ చక్క గలిపి
ముద్ద నోటబెట్ట ముక్కెల్ల నదిరెను!
ఆఱినట్టి కూర హాటె సుమ్మి.

చంపావతి: ఈసారికి ఇదే మేలు. మిరప పూరణలో కూర ఆఱినా హాటే. ఇందులో ఆఱితేనే హాటు, విరోధం పూర్తిగా తీరింది. ఇంగ్లీషులోనూ ఆవముద్దని హాట్ అనే అంటారు, ఫ్రిజ్‌లోంచి తీసినా సరే. వంట లెక్కా సరిగ్గా ఉంది. ఆవ ఘాటు గింజలో తయారుగా ఉండదు, నూరి తడి తగిలాక పుడుతుంది. పావుకిలో పొట్టుకి రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు కాసిని నీళ్ళతో నూరి పది నిమిషాలు ఉంచాలి. పొయ్యి మీదుండగానే కలిపితే ఘాటు ఆవిరైపోయి చేదు మిగుల్తుంది. ఆ ఘాటు గాల్లోకి లేచే రకం కనక నాలుక కన్నా ముందు ముక్కుకెక్కుతుంది. ‘ముక్కెల్ల’ అన్నమాట అందుకే అతికింది. ‘నుంచియు’లో ‘యు’ ఒట్టి పూరకం. “పనసపొట్టు వండి పళ్ళెము నందుంచి” అని దిద్దండి. పళ్ళెంలో పరిస్తే కూర తొందరగానూ ఆఱుతుంది.