ఫుట్‌పాత్ కుంగితే తప్పు నల్లరేగడిదా, పని చేయించినవాళ్లదా?

కాలువగట్టు మనిషి

మా ఊరి పేరు రాయను. గోదావరి డెల్టాలో కాలువకి అటూ ఇటూ పెరిగిన మున్సిపాలిటీ అంటే మీలో సగం మందికి సొంత ఊరే గుర్తొస్తుంది. కిందటేడు సంక్రాంతికి ముందు బస్టాండ్ నుంచి కాలువ లాకుల దాకా కొత్త ఫుట్‌పాత్ వేశారు. ఎరుపు, బూడిద రంగు సిమెంట్ టైల్స్, అంచున పసుపు నలుపు రంగేసిన రాళ్లు. కొబ్బరికాయ కొట్టిన రోజు చూడ్డానికి బాగానే ఉంది. ఆషాఢంలో రెండు గట్టి వానలు పడేసరికి బడి ముందు ముప్పై అడుగుల మేర గుంటపడిపోయింది. అంచు రాళ్లు రోడ్డు వైపు ఒరిగిపోయాయి.

కార్తీకమాసంలో మా అమ్మ తెల్లారగట్ల రేవుకి వెళ్తూ, లేచి ఉన్న టైల్ కాలికి తగిలి పడిపోయింది. మణికట్టు విరిగింది. ఆవిడకి 68 ఏళ్లు. ఆరు వారాలు కట్టుతో ఉంది, అన్నం నేనే కలిపి పెట్టాను. "నాకే కళ్లు సరిగా ఆనలేదురా" అందే గానీ ఒక్కసారి కూడా ఆ టైల్‌ని తప్పుపట్టలేదు. అది నాకు ఎక్కువ బాధనిపించింది.

వార్డు సచివాలయానికి వెళ్లి అడిగాను. మర్యాదగానే మాట్లాడారు. "నల్లరేగడండీ, ఏం వేసినా కుంగుతుంది" అన్నారు. ఇదే మాట ఇంకో ముగ్గురు చెప్పారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇది నిజమా? నేల తప్పేనా?

బోర్డుల సంగతి కూడా ఉంది. అదే ఫుట్‌పాత్‌కి సరిగ్గా మధ్యలో ఇనప గొట్టం పాతి, బడి ఉందని చెప్పే బోర్డు పెట్టారు. కింది అంచు నా భుజం ఎత్తుకి వస్తుంది. దాని మీద "జాగరతత" అని ఉంది. రోజూ మూడొందల మంది పిల్లలు దాని కిందనుంచే లోపలికి వెళ్తారు.

పాత సైట్ ఇంజనీరు

మీ అమ్మగారి చెయ్యి నయమవ్వాలని కోరుకుంటున్నానండి. నేను 14 ఏళ్లు కాంట్రాక్టర్ల దగ్గర సైట్ మీద పనిచేశాను, అందుకే చెప్తున్నాను. నేలని అంత తేలిగ్గా తీసేయకండి. మన నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. కాలువ పక్కన ఇంకా ఎక్కువ. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు కిందుండే చెమ్మ తగ్గిపోతుంది, నీళ్లు వదలగానే మళ్లీ ఊరుతుంది. పైన ఏం పరిచినా ఆ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంటుంది.

పైగా పని దక్కాలంటే టెండర్ లెస్‌కి, అంటే అంచనా కంటే తక్కువకి వెయ్యాలి. చేసిన పనికి బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పటిదాకా వడ్డీ కాంట్రాక్టరే కట్టుకోవాలి. టైల్స్ వేసిన రెండు నెలలకి మంచినీళ్ల పైపు వాళ్లొచ్చి తవ్వుతారు, ఆ తర్వాత కేబుల్ వాళ్లు. ఎవరూ తిరిగి సరిగా పూడ్చరు. తిట్లు మాత్రం మొదట వేసినవాడికే.

కాలువగట్టు మనిషి

ఇంజనీరు గారూ, ఈ నేల ఇవాళ కొత్తగా వచ్చింది కాదు కదండీ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తి చేశాడు. లాకులు, వంతెనలు, అక్విడక్టులు (కాలువని దాటించే వంతెనలు) అన్నీ ఈ డెల్టాలోనే కట్టారు. వాటిలో చాలా ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

పాత సైట్ ఇంజనీరు

ఈ పోలిక కుదరదండి. ఆనకట్టకీ లాకులకీ పునాదులు లోతుగా దించుతారు. ఫుట్‌పాత్‌కి పునాది అంటే జానెడు. కాటన్ గారిని దీనిలోకి తేవద్దు.

కాలువగట్టు మనిషి

ఒప్పుకుంటున్నాను, ఆ పోలిక తప్పే. అయితే మా ఊళ్లోదే చెప్తాను. కోర్టు వీధిలో పన్నెండేళ్ల కిందట వేసిన ఫుట్‌పాత్ ఉంది. అదే కాలువ, అదే మట్టి. ఒకటో రెండో టైల్స్ పగిలాయి తప్ప ఎక్కడా కుంగలేదు.

నిన్న ఆదివారం బడి ముందు గుంట దగ్గర కూర్చుని, ఊడిపోయి ఉన్న నాలుగు టైల్స్ పక్కకి జరిపి చూశాను. కింద ఇసుక లేదు. నాలుగు వేళ్ల మందాన క్రషర్ డస్ట్ (కంకర ఆడించగా వచ్చే రాతిపొడి), దాని కింద నేరుగా నల్లమట్టి. ఆ మట్టిలో పాత కొబ్బరి డొక్కలు, ప్లాస్టిక్ సంచులు. గ్రావెల్ రాయి ఒక్కటి కూడా దొరకలేదు. అంచు రాయి వెనక కాంక్రీటు లేదు, మట్టి ఎగదోసి నిలబెట్టారు. కోర్టు వీధిలో అయితే ఒక పక్క డ్రెయిన్ గోడ ఆనుకుని ఉంది, రెండో పక్క అంచు రాళ్లు కాంక్రీటులో కూర్చున్నాయి.

పాత సైట్ ఇంజనీరు

మీరు చూసింది నిజమైతే నా మొదటి మాటలో కొంత వెనక్కి తీసుకోవాలి. ఈ రకం టైల్స్ బరువుని ఒకదానికొకటి పంచుకుంటాయి. అంచు గట్టిగా పట్టి ఉంచితేనే అది జరుగుతుంది. అంచు రాయి ఒరిగిందంటే వరసంతా విడిపోతుంది, సందుల్లోకి నీళ్లు దిగుతాయి, కింద పరిచింది కొట్టుకుపోతుంది. నల్లమట్టి ఉన్నచోట పైమట్టి తీసేసి, గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో గానీ రోలర్‌తో గానీ గట్టిపరచాలి. ఆ పైన టైల్ కింద పరిచే ఇసుక 20 నుంచి 40 మిల్లీమీటర్లు చాలు. కింద ఎగుడుదిగుళ్లు సరిచేసే ఓపిక లేనివాళ్లే ఆ తేడా అంతా డస్ట్‌తో నింపుతారు. మీరు చూసిన నాలుగు వేళ్లు అదే. నేనూ ఒకసారి అలా నింపుతుంటే చూస్తూ ఊరుకున్నాను. పండక్కి ముందు ప్రారంభం పెట్టుకున్నారని రాత్రింబవళ్లు చేయించారు.

అయినా నేల పాత్ర సున్నా అని మాత్రం ఒప్పుకోను. సరిగా వేసినా మూడు నాలుగేళ్లకి ఒకసారి ఎత్తి సరిచేయాల్సిన నేల ఇది. ఆ మరమ్మతుకి డబ్బు విడిగా పెట్టుకోవాలని ఎవరూ అనుకోరు.

మెయిన్‌రోడ్ కొట్టు

నాది ఫుట్‌పాత్‌ని ఆనుకునే ఉన్న కిరాణా కొట్టు. మనమూ కొంత ఒప్పుకోవాలండి. దాని మీద బళ్లు పెట్టేది మనం, ఆటోలు ఎక్కించేది మనం. నేనే నా కొట్టు ముందు సిమెంట్ ర్యాంప్ పోసుకున్నాను. కారణం ఉంది. మా వైపు మెట్టు 11 అంగుళాలు లేపారు. బియ్యం బస్తా దింపాలంటే హమాలీలు రాము అన్నారు. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు ఎక్కలేక ఎదురు కొట్టుకి వెళ్లిపోతున్నారు. కట్టేముందు మమ్మల్ని ఒక్కమాట అడిగి ఉంటే బావుండేది.

లంక ఆడపడుచు

కొట్టు గారూ, మీ ర్యాంప్ మీకు దారి, మాకు అడ్డం. మా తమ్ముడు చక్రాల కుర్చీలో తిరుగుతాడు. మీలాంటి ర్యాంపులు వరసగా పది ఉంటే ఫుట్‌పాత్ మీద కుర్చీ నడవదు. పక్కకి ఒరుగుతుంది. అందుకే వాడు లారీల పక్కన రోడ్డు మీదే వెళ్తాడు. నేను వెనక నడుస్తాను, ప్రతి హారన్‌కీ గుండె ఆగినట్టుంటుంది.

మీ మీద కోపంతో రాయడం లేదు. 11 అంగుళాలు కట్టినవాళ్ల వల్లే మీకూ నాకూ ఈ తగాదా. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు 2012లో ఇచ్చిన 103వ నంబరు మార్గదర్శకాల్లో అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు దాటకూడదని ఉంది. నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు, తలమీద 2.2 మీటర్ల దాకా ఏ అడ్డూ లేకుండా ఉండాలనీ ఉంది. భుజానికి తగిలే బడి బోర్డు ఆ లెక్కన అక్కడ ఉండకూడదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా, అడ్డంకుల్లేకుండా దివ్యాంగులకి పనికొచ్చే ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కింద హక్కు అని చెప్పింది. మా తమ్ముడికి అది చదివి వినిపిస్తే "అయితే ఎప్పుడు వేస్తారక్కా" అన్నాడు.

మెయిన్‌రోడ్ కొట్టు

అమ్మా, మీ తమ్ముడి సంగతి నాకు తోచనే లేదు. అంచు తగ్గిస్తామంటే నా ర్యాంప్ నేనే పగలగొట్టించుకుంటాను.

తెలుగు మాష్టారు

"జాగరతత" ఎలా పుట్టిందో నేను చెప్పగలను. మా బడి బోర్డులు రాయించేటప్పుడు డీటీపీ షాపులో కూర్చున్న అనుభవం. మన దగ్గర చాలా షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలోనే కంపోజ్ చేస్తారు. ఆ అక్షరాలు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే పద్ధతి) కావు. ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిచినా, మార్పిడి సరిగా జరక్కపోయినా ఒత్తులు రాలిపోతాయి. రేకు కత్తిరించి అంటించేవాడు తెలుగు చదివేవాడు కాకపోవచ్చు, అతన్ని అనలేం. బిల్లు మీద సంతకం పెట్టినవాళ్లకి మాత్రం తెలుగు వచ్చు. బోర్డు కింద నిలబడి ఒక్కసారి తలెత్తి చదివితే చాలు.

నా క్లాసులో ఓ పిల్ల 'జాగ్రత్త'ని అలాగే రాసింది. తప్పమ్మా అంటే, "గవర్నమెంట్ బోర్డు మీద అలాగే ఉంది కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. కోనసీమలో ఇప్పటికీ తూర్పు గోదావరి జిల్లా అని ఉన్న బోర్డులు కనిపిస్తాయి. ఒక బోర్డు మీద రాజమండ్రి, దాని తర్వాతి దాని మీద రాజమహేంద్రవరం. ఊరివాళ్లకి ఇబ్బంది లేదు, అంబులెన్స్ డ్రైవరు కొత్తవాడైతే ఇబ్బందే. రాత్రిపూట అయితే సరే సరి. రేడియం అంటించాల్సిన చోట మామూలు రంగు పూస్తే హెడ్‌లైట్ పడినా అక్షరం మెరవదు.

పాత సైట్ ఇంజనీరు

మాష్టారూ, బోర్డుల విషయంలో వాదించడానికి నాకేమీ లేదు. అక్కడ నల్లరేగడి లేదు.

కాలువగట్టు మనిషి

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఇవాళ దరఖాస్తు ఇచ్చాను. 2005 చట్టంలో సెక్షన్ 2(జె) చదివితే కాగితాలు అడగడమే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా మనకున్నాయి. అందుకే మూడు అడిగాను: ఎస్టిమేట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు, బడి ముందు ఒక చదరపు మీటరు ఎత్తించి అధికారుల ఎదుట కింద పొరల నమూనా. డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పనిలో లోపాలకి కాంట్రాక్టర్ బాధ్యత ఉండే కాలం) ఎప్పటిదాకా ఉందో కూడా రాయమన్నాను. గడువులోపలే అయితే కాంట్రాక్టరే తన ఖర్చుతో సరిచేయాలి, మళ్లీ మన పన్ను డబ్బు పెట్టక్కర్లేదు. జవాబుకి 30 రోజులు.

కట్టు విప్పాక అమ్మ మళ్లీ రేవుకి వెళ్తోంది, రోడ్డు మీద నుంచి.

పాత సైట్ ఇంజనీరు

ఎం-బుక్ నకలు వచ్చాక మొత్తం లెక్క జోలికి వెళ్లకండి, అందులో తికమకపడతారు. ముందు తేదీలు చూడండి. మట్టి తవ్విన తేదీ, గ్రావెల్ పోసి గట్టిపరిచిన తేదీ, టైల్స్ పరిచిన తేదీ విడివిడిగా ఉండాలి. మూడూ ఒకేరోజు కొలిచినట్టు రాసి ఉంటే, గ్రావెల్‌ని కళ్లతో చూసి రాసింది కాదని అర్థం. తర్వాత గ్రావెల్ ఘనపరిమాణం చూడండి, దాన్ని పొడవు వెడల్పులతో భాగిస్తే మందం వస్తుంది. నమూనా తీసేరోజు టేపు పట్టుకుని నేనూ వస్తాను. లాకుల దగ్గర ఏ టైముకి ఉండాలో చెప్పండి.